పారిస్ నుంచి ఒక్క రోజు: షార్త్ర్, అమియెన్, రాన్స్, బోవే కెథడ్రల్‌లలో దేనికి వెళ్ళాలి?

పారిస్ వచ్చిన తెలుగువారు నోత్ర్ దామ్ చూడకుండా వెళ్ళరు. 2019 ఏప్రిల్ 15న మంటల్లో కప్పును పోగొట్టుకుని, 2024 డిసెంబరులో మళ్ళీ తలుపులు తెరిచిన ఆ చర్చికి వెళ్ళమని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అసలు ప్రశ్న ఆ తరువాత మొదలవుతుంది. చూసింది నచ్చినవారు, ఇలాంటిదే ఇంకొకటి, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేటట్టు ఎక్కడ ఉందని అడుగుతారు. రైలులో గంటా గంటంబావు ప్రయాణంలో ఇలాంటి పెద్ద కెథడ్రల్‌లు నాలుగు ఉన్నాయి: నైరుతి దిక్కున షార్త్ర్, ఉత్తరాన అమియెన్, బోవే, తూర్పున రాన్స్. మొదలుపెట్టిన కాలాన్ని బట్టి చూస్తే నాలుగింటికీ మధ్య ముప్పయి ఒక్క ఏళ్ళకు మించి తేడా లేదు. పేర్లు చూస్తే షార్త్ర్, అమియెన్, రాన్స్ మూడూ మరియమాతవే, బోవే ఒక్కటి పునీత పేతురుది. ఫోటోలలో నాలుగూ అన్నదమ్ముల్లా కనబడతాయి కనుక ఏదైనా ఒకటేననుకుని, రైలు టికెట్టు చవకగా దొరికిన ఊరికి వెళ్ళేవారు ఎక్కువ.

ఏది గొప్పది అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎనిమిది వందల ఏళ్ళ అగ్నిప్రమాదాలు, యుద్ధాలు, విప్లవాలు దాటుకుని ఎక్కడ ఏది మిగిలింది అని చూసుకుంటే ఎంపిక సులువవుతుంది. షార్త్ర్‌లో గాజు మిగిలింది. అమియెన్‌లో కట్టడం, అంటే మొదటి స్థపతి ఊహించిన రూపం, దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. రాన్స్‌లో రాతి విగ్రహాలూ రాజుల జ్ఞాపకమూ మిగిలాయి. బోవేలో ఒక మొండి సాహసమూ దాని మూల్యమూ పక్కపక్కనే మిగిలాయి.

వెళ్ళే ముందు గోథిక్ కట్టడపు కిటుకు ఒకటి తెలిసి ఉంటే చూపు మారుతుంది. రాతితో వంపు తిప్పిన కప్పు తన బరువును కిందికే కాక పక్కలకు కూడా తోస్తుంది; అంతకుముందటి రోమనెస్క్ చర్చిలలో ఆ తోపుడును ఆపడానికి గోడలను బాగా మందంగా లేపి, కిటికీలను చిన్నవి చేసి, లోపలి చీకటితో సరిపెట్టుకున్నారు. పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి మేస్త్రులు మొన తేలిన కమానును, కప్పు బరువును స్తంభాల నెత్తికి చేర్చే రాతి పక్కటెముకలను, ఆ స్తంభాలు బయటికి ఒరగకుండా గోడ అవతలి నుంచి ఆనించే ఫ్లయింగ్ బట్రెస్‌లను ఒకే కట్టడంలోకి తెచ్చారు. గెల వేసిన అరటిచెట్టు ఒరిగిపోకుండా వెదురు గెడ ఊతం నిలిపేవారికి ఈ మూడోది వివరించే పని లేదు. బరువు మోసే పని స్తంభాలకూ ఊతాలకూ పోయింది కాబట్టి గోడకు పని లేకుండా పోయింది. పని లేని గోడను తీసేసి ఆ జాగాలో గాజు బిగించారు. పారిస్ ఉత్తరపు శివారులోని సెయింట్ డెనిస్ మఠంలో అధిపతి సుజేర్ కట్టించి 1144లో ప్రతిష్ఠ జరిపించిన తూర్పు భాగంతో ఈ పద్ధతి మొదలైందని చరిత్రకారులు చెబుతారు. ఫ్రెంచి రాజుల సమాధులున్న ఆ చర్చికి మెట్రో పదమూడో లైను మీద వెళ్ళి రావచ్చు కనుక దానిని ఈ పోటీలో చేర్చడం లేదు. ఒక పూట వీలు చేసుకుని విడిగా చూడవలసినది.

పర్యాటక పుస్తకాలన్నీ ఎత్తుల లెక్కతో మొదలుపెడతాయి. లోపలి రాతి కప్పు నోత్ర్ దామ్‌లో సుమారు 33 మీటర్లు, షార్త్ర్‌లో 37, రాన్స్‌లో 38, అమియెన్‌లో 42, బోవేలో 48 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ అంకెలు మనసుకు పట్టాలంటే మెదక్ చర్చిని తలచుకోవాలి. గోథిక్ పద్ధతిని అనుసరించి కట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ చర్చి గోపురం 175 అడుగులు. బోవేలో నేల మీద నిలబడి తల ఎత్తితే కనబడే కప్పు దాదాపు 157 అడుగుల ఎత్తున ఉంది, అంటే మెదక్ గోపురం కొనకు పద్దెనిమిది అడుగులే తక్కువ. అయినా సరే, ఎత్తును బట్టి ఎంచుకోవద్దనే చెబుతాను. నలభై మీటర్లు దాటిన తరువాత మరో అయిదు మీటర్ల తేడాను కన్ను పట్టుకోలేదు. కంటికి తెలిసేది వెడల్పుకూ ఎత్తుకూ మధ్య నిష్పత్తి, వెలుతురు వచ్చే తీరు, అంతే.

షార్త్ర్ పాత చర్చి 1194 జూన్‌లో కాలిపోయింది. మరియమాత ధరించినదని భక్తులు నమ్మే వస్త్రం అక్కడ ఉండేది, క్రీ.శ. 876 నుంచి ఆ ఊరి ప్రతిష్ఠ అంతా దాని మీదే నిలిచింది. అది కూడా బూడిదైందని ఊరు దుఃఖిస్తుండగా, నేలమాళిగలో తలదాచుకున్నవారు మూడో రోజున దానిని భద్రంగా పైకి తెచ్చారనీ, మాత తనకు ఇంకా పెద్ద ఆలయం కోరుకుంటున్నదని జనం అర్థం చేసుకున్నారనీ ఆనాటి కథనం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, విరాళాలు వచ్చాయి, పని పరుగెత్తింది, సుమారు ముప్పయి ఏళ్ళలో ప్రధాన కట్టడం లేచింది. ఈ వేగం వల్లనే కిటికీలలో ఎక్కువ భాగం ఒకే తరం చేతుల మీదుగా వచ్చాయి. మధ్యయుగపు గాజు ఇంత మొత్తంలో ఒకే కప్పు కింద మిగలడం అరుదు: మొత్తం రంగు గాజు దాదాపు 2,600 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే అరవై నాలుగు సెంట్ల నేలను నిలువునా లేపి గాజుతో కప్పినట్టు. 1939లో యుద్ధం రాబోతున్నదని తెలిసి దాన్నంతా విప్పి పెట్టెలకెత్తి దాచారు, యుద్ధం ముగిశాక తిరిగి బిగించారు.

ఇక్కడ సందర్శకులు చేసే పొరపాటు తొందర. బయటి ఎండలోంచి లోపలికి అడుగు పెట్టగానే కిటికీలు తప్ప ఏమీ కనబడవు. కన్ను చీకటికి అలవాటు పడడానికి పది నిమిషాలైనా ఇవ్వాలి, ఆ పది నిమిషాలు ఒక కుర్చీలో కూర్చోవడమే మంచిది. ఆ తరువాత దక్షిణం వైపున ఉన్న నీలి మరియమాత కిటికీ దగ్గరికి వెళ్ళండి. మధ్యలోని మాత బొమ్మ 1180 ప్రాంతానిది, అగ్నిప్రమాదాన్ని తట్టుకుని బయటపడినది. దాని చుట్టూ ఉన్న దేవదూతలు తరువాతి శతాబ్దపు చేతిపని. మాత వస్త్రపు లేత నీలానికీ చుట్టూ ఉన్న ముదురు నీలానికీ తేడా దూరం నుంచే తెలుస్తుంది. కింది వరుస కిటికీలను సాధారణంగా అడుగు నుంచి పైకి చదువుకోవాలి. బైబిలులోని మంచి సమరయుని కథ చెప్పే కిటికీ అడుగు పలకల్లో చెప్పులు కుట్టేవారు పనిలో ఉన్నట్టు కనబడతారు; మరో చోట రొట్టెలవారు, ఇంకో చోట వడ్రంగులు. ఆ వృత్తులవారే డబ్బు పెట్టి ఆ కిటికీలు చేయించారని తరతరాలుగా చెప్పుకుంటున్నారు, అంత సొమ్ము వారి దగ్గర ఎక్కడిదని సందేహించిన చరిత్రకారులూ ఉన్నారు. ఎవరు చేయించినా, పని చేసే చేతులు అంత పవిత్రమైన చోట బొమ్మకెక్కడం గమనించదగినది. పై కిటికీల కోసం చిన్న దూరదర్శిని, అంటే బైనాక్యులర్స్, తప్పక తీసుకువెళ్ళాలి. అది లేకపోతే షార్త్ర్‌లో సగం చూడనట్టే.

షార్త్ర్ మీద ఒక వివాదం ఉంది. 2009 ప్రాంతంలో మొదలైన పునరుద్ధరణలో శతాబ్దాల మసిని తుడిచి, అడుగున దొరికిన పదమూడో శతాబ్దపు లేత గంధం రంగు పూతను మళ్ళీ బయటికి తెచ్చారు. నల్లని గోడల మధ్య నిప్పులా వెలిగే గాజును చూసి ప్రేమించినవారికి ఇది మింగుడు పడలేదు. కట్టినవారు ఉద్దేశించినది ఈ లేత రంగునే కనుక శుభ్రం చేసినవారి వైపే నేను మొగ్గుతాను, పాతవారి దిగులు అర్థం కాక మాత్రం కాదు. బయట పడమటి ముఖానికి రెండు జత కలవని గోపురాలు: దక్షిణపుది పన్నెండో శతాబ్దపు నిరాడంబరమైన శిఖరం, ఉత్తరపుది పదహారో శతాబ్దం మొదట్లో జాన్ ద బోస్ అనే మేస్త్రి చెక్కించిన లేసు అల్లిక. రెంటి మధ్య నిలబడితే మూడున్నర శతాబ్దాల అభిరుచి ఒక్క చూపులో అందుతుంది. లోపల నేల మీద పరిచిన వలయాకారపు చిక్కుదారి, నడిస్తే 260 మీటర్లు దాటేది, చాలా రోజులు కుర్చీల కింద దాగి ఉంటుంది. తపస్కాలం (ఈస్టరుకు ముందరి నలభై రోజుల దీక్ష) నుంచి సకల పునీతుల పండుగ (నవంబరు 1) వరకు శుక్రవారాలలో సాధారణంగా కుర్చీలు తీసి భక్తులను నడవనిస్తారు. దాని కోసమే వెళ్ళేవారు ఆ రోజు చూసుకుని వెళ్ళాలి.

అమియెన్‌లో గాజు కోసం వెతకవద్దు, మధ్యయుగపు కిటికీలు చాలావరకు పోయాయి. ఆ లోటే ఒక మేలు కూడా చేసింది: తెల్లని వెలుతురు నిండుగా పడడం వల్ల కట్టడం ఎలా నిలబడిందో అరటిపండు ఒలిచి పెట్టినట్టు కనబడుతుంది. పాత చర్చి 1218లో కాలిపోయాక 1220లో బిషప్ ఎవ్రార్ ద ఫుయోయ్ కాలంలో రొబేర్ ద లుజార్ష్ అనే స్థపతి పని మొదలుపెట్టాడు. సాధారణంగా బలిపీఠం ఉండే తూర్పు భాగంతో మొదలుపెడతారు, ఇక్కడ జనం నిలబడే మధ్యశాలతో మొదలుపెట్టి 1236 నాటికి దానిని ముగించారు. అతని తరువాత తోమా ద కొర్మోన్, అతని తరువాత కొడుకు రెనో పని నడిపించారు. ఈ ముగ్గురి పేర్లు మనకు ఊహగా కాక రాతగా అందాయి, 1288లో నేల మీద వేసిన చిక్కుదారి నడిమి రాయి మీద వాటిని చెక్కించారు కాబట్టి. ఇప్పుడు నేల మీద ఉన్నది పందొమ్మిదో శతాబ్దపు ప్రతి. మేస్త్రి పేరును బిషప్ పేరుతో సమానంగా రాయి మీద ఎక్కించిన ఆ ఊరి మర్యాద నాకు చాలా నచ్చింది.

మధ్యశాలలో నిలబడి గోడను అడుగు నుంచి పైకి చూడండి. స్తంభాల మధ్య కమానులు మొత్తం ఎత్తులో సగం దాకా లేస్తాయి; సరిగ్గా వాటి పైన ఆకులూ పూలూ చెక్కిన ఒక రాతి పట్టీ చీర అంచులా పొడుగునా సాగుతుంది; ఆ పైన సన్నని నడవా, దాని మీద పెద్ద కిటికీలు. ఇంత ఎత్తయిన శాలలో మనిషి తనను తాను పోగొట్టుకోకుండా కంటికి ఆనవాలుగా పనికివచ్చేది ఆ పట్టీయే. తలుపు దాటిన వెంటనే ఇద్దరు బిషప్పుల కంచు సమాధి మూర్తులు ఉన్నాయి, ఒకటి పని మొదలుపెట్టించిన ఎవ్రార్‌ది. ఇలాంటి కంచు మూర్తులు ఫ్రాన్సులో చాలావరకు కరిగిపోయాయి కనుక వాటిని దాటుకుని వెళ్ళిపోకండి. తూర్పున 1508 నుంచి 1519 వరకు చెక్కిన 110 ఓకు చెక్క ఆసనాలున్నాయి, వాటి మీద నాలుగు వేలకు పైగా బొమ్మలున్నాయని లెక్క. చూపించే వేళలు ముందుగా కనుక్కోవాలి.

అయితే అమియెన్‌లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది పడమటి ముఖంలో ఎడమ ద్వారం పక్కన, కంటి ఎత్తున ఉన్న నాలుగు రేకుల చట్రాలు. రాశులూ వాటి కింద నెలల వారీ పనులూ వరుసగా చెక్కారు. ఫిబ్రవరిలో ఒకడు నిప్పు దగ్గర కాళ్ళు కాచుకుంటాడు, జూన్‌లో గడ్డి కోత, జూలైలో గోధుమ కోత, ఆగస్టులో నూర్పిడి. కార్తెల లెక్కన సేద్యం చేసిన ఇళ్ళ నుంచి వచ్చినవారికి ఈ పంచాంగం చదవడానికి గైడు అక్కరలేదు. ఊరి సంపద కూడా పొలం నుంచే వచ్చింది. వేడ్ అనే మొక్క ఆకుల నుంచి తీసే నీలి రంగు వ్యాపారం అమియెన్‌ను నిలబెట్టింది. మన నీలిమందు ఓడలకెక్కి వెళ్ళి ఆ వ్యాపారం పొట్ట కొట్టడానికి ఇంకా శతాబ్దాల వ్యవధి ఉంది. దక్షిణపు గోడ బయట ఇద్దరు వేడ్ వర్తకులు రంగు బస్తాతో నిలబడిన చిన్న శిల్పాన్ని వెతికి చూడండి. 1990లలో లేజరుతో ఈ ముఖాన్ని శుభ్రం చేసినప్పుడు విగ్రహాల మీద పాత రంగుల జాడలు బయటపడ్డాయి, వేసవి రాత్రులలోనూ డిసెంబరులోనూ ఆ రంగులను కాంతితో రాతి మీద వేసి చూపిస్తారు. ఆ ప్రదర్శన కోసం ఉండిపోతే తిరుగు రైలు వేళ ముందే చూసుకోవాలి.

రాన్స్ పేరును ఇంగ్లిషువారు రీమ్స్ అంటారు. ఫ్రెంచి రాజులకు పట్టాభిషేకం జరిగిన చోటు ఇది: 1429 జూలై 17న జాన్ ఆఫ్ ఆర్క్ పక్కన నిలబడగా ఏడో షార్ల్ కిరీటం ధరించాడు, చివరివాడు 1825లో పదో షార్ల్. పాతది 1210లో కాలిపోగా మరుసటి ఏడు పని మొదలైంది. షార్త్ర్‌లో కిటికీ అంటే గోడ పలకలో తొలిచిన రంధ్రం. రాన్స్ మేస్త్రులు కిటికీ ఖాళీని పూర్తిగా తెరిచి, అందులో సన్నని రాతి కమ్ములతో అల్లిక వేశారు. చిన్న మార్పులా వినిపిస్తుంది కాని, ఆ తరువాత ఐరోపా అంతటా కిటికీలను ఈ పద్ధతిలోనే కట్టారు. విగ్రహాలు రెండు వేలకు మించి ఉన్నాయి, వాటిలో పడమటి ముఖపు ఉత్తర ద్వారం దగ్గర నవ్వే దేవదూత అందరికీ తెలిసినది. 1914 సెప్టెంబరు 19న జర్మన్ ఫిరంగుల దెబ్బకు గోపురం చుట్టూ ఉన్న చెక్క సారువకు నిప్పంటుకుని, కప్పు కాలి, దాని సీసం కరిగి నీటి తూముల నోళ్ళ నుంచి కారింది. ఆ మంటలలోనే దేవదూత తల తెగి పడింది. ముక్కలు ఏరి అతికించారు. స్థపతి హాన్రీ దెనో, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఇచ్చిన సొమ్ము తోడుగా, చెక్క దూలాల స్థానంలో సిమెంటు కాంక్రీటు ముక్కలు పేర్చి కొత్త పైకప్పు నిలబెట్టాడు. 1938లో చర్చి మళ్ళీ పూర్తిగా తెరుచుకుంది. లోపలికి వెళ్ళినవారు తూర్పున చిత్రకారుడు శగాల్ గీసిన 1974 నాటి నీలి కిటికీల వైపే నడిచిపోతారు. ఒక్కసారి వెనక్కి తిరగండి, పడమటి గోడ లోపలి వైపంతా గూళ్ళూ గూటికొక విగ్రహమూ నిండి ఉంటాయి. రాన్స్‌కు అంత దూరం వెళ్ళాం కదా, లాన్ కూడా చూడవచ్చా అని కొందరు అడుగుతారు. కొండ మీదికి రాళ్ళు మోసిన ఎద్దుల విగ్రహాలను గోపురాల మీద నిలిపిన ఆ చర్చి మరో రోజుకు తగినది.

బోవేకు వెళ్ళేవారు అందం కోసం కాక అర్థం చేసుకోవడం కోసం వెళ్ళాలి. 1225లో మొదలుపెట్టి ప్రపంచంలోనే ఎత్తయిన గోథిక్ రాతి కప్పు లేపారు, 1284లో అందులో కొంత కూలింది. తిరిగి కట్టేటప్పుడు ఉన్న స్తంభాల మధ్య మరో స్తంభం చొప్పున దూర్చారు. వెడల్పుగా ఉండవలసిన కమానులు సన్నగా ఇరుక్కున్నట్టు ఎందుకు ఉన్నాయో చూడగానే తెలిసిపోతుంది. బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. పదహారో శతాబ్దంలో, ఇంకా మధ్యశాల కట్టకుండానే, నడుమ 153 మీటర్ల శిఖరం లేపారు. 1569లో పూర్తయిన శిఖరం 1573 ఏప్రిల్ 30న, మోక్షారోహణ పండుగ నాడు, ఊరేగింపు బయటికి వెళ్ళిన కాసేపటికే కుప్పకూలింది. మధ్యశాల ఎప్పటికీ కట్టలేదు. అది రావలసిన చోట పదో శతాబ్దపు చిన్న పాత చర్చి ఇప్పటికీ ఉంది, పెద్దదాని పాదాల దగ్గర. లోపల స్తంభాలను ఆపే చెక్క, ఉక్కు దన్నులు కనబడతాయి, చూసి నిరాశపడేవారు ఉంటారు. పిల్లలతో వెళ్తే పందొమ్మిదో శతాబ్దపు ఖగోళ గడియారం వారిని కాసేపు ఆపుతుంది, తొంభై వేల భాగాలతో చేసినది.

ఇక ఎంపిక. ఆకాశం చూసి నిర్ణయించుకోవడం మొదటి సూత్రం. ఎండ కాస్తుందని తెలిస్తే షార్త్ర్, మబ్బు పట్టి ఉంటే అమియెన్. మబ్బులో షార్త్ర్ గాజు మూగబోతుంది, అమియెన్‌కు మబ్బుతో పని లేదు. ఈ చర్చిలన్నీ బలిపీఠాన్ని తూర్పున, ప్రధాన ద్వారాన్ని పడమట పెట్టుకున్నవి కనుక పొద్దున తూర్పు కిటికీలు, సాయంత్రం గులాబీ పువ్వులా గుండ్రంగా ఉండే పడమటి కిటికీ వెలుగుతాయి. షార్త్ర్‌కు వెళ్ళేవారు మధ్యాహ్నం చేరి సాయంత్రం దాకా ఉండడం మేలు. గోథిక్ చర్చి ఇదే మొదటిసారి చూస్తున్నవారికి మాత్రం, వాతావరణం ఏదైనా, అమియెన్ అనే చెబుతాను. అక్కడ నేర్చుకున్న చూపుతో మిగిలినవి చూస్తే వాటి విలువ పెరుగుతుంది, ముందు షార్త్ర్ చూసినవారికి అమియెన్ వెలవెలబోయినట్టు అనిపించే ప్రమాదం ఉంది. వెంట ఉన్నవారికి రాళ్ళ కన్నా రాజుల కథలు ఇష్టమైతే రాన్స్. ఇంటికొక ఇంజినీరున్న జాతి మనది, ఆ ఇంజినీరు వెంట ఉంటే బోవే. స్తంభాల మధ్య నిలబడి ఏది ముందు విఫలమై ఉంటుందని వాదించుకునే సరదా మిగిలిన మూడింటిలో దొరకదు. ఒకే రోజున రెండు ఊళ్ళు పెట్టుకోవద్దు, స్టేషన్లు వేరు, దిక్కులు వేరు, రెండూ సగంసగమే మిగులుతాయి.

రాన్స్‌కు తూర్పు స్టేషన్ (గార్ ద లెస్ట్) నుంచి వేగపు రైలు ముప్పావు గంటలో చేరుస్తుంది, టికెట్టు ముందుగా కొంటే చవక. షార్త్ర్‌కు మోంపర్నాస్ స్టేషన్ నుంచి, అమియెన్, బోవేలకు ఉత్తర స్టేషన్ (గార్ ద్యు నోర్) నుంచి ప్రాంతీయ రైళ్ళుంటాయి, గంటంబావు అనుకోండి. నాలుగింటిలోనూ చర్చిలోపలికి ప్రవేశం ఉచితం, గోపురాలు ఎక్కడానికి మాత్రం టికెట్టు. ఆదివారం పొద్దున దివ్యపూజ వేళ తిరుగుతూ చూడనివ్వరు, అందులో పాల్గొనే ఉద్దేశం లేనివారు మధ్యాహ్నం వెళ్ళాలి. చవక విమానాలు దిగే పారిస్ బోవే విమానాశ్రయం నిజానికి పారిస్‌లో లేదు, ఈ బోవే ఊరి అంచున ఉంది. పారిస్ బస్సు కోసం అక్కడ పడిగాపులు పడే బదులు ఊళ్ళోకి వెళ్ళే బస్సు ఎక్కి, పెట్టె ఒకటే ఉంటే చేత పట్టుకునే, 48 మీటర్ల కప్పు కింద ఒక గంట గడిపి, అక్కడి స్టేషన్‌లోనే పారిస్ రైలు ఎక్కవచ్చు.